ద్వీపాల్లో విద్యుత్ చక్రాల కుర్చీ: కొనుగోలుతో ముగియని బాధ్యత

విద్యుత్ చక్రాల కుర్చీల పంపిణీ గురించిన వార్తల్లో సాధారణంగా కనిపించేవి ఒక వేదిక, వరుసగా నిలిపిన కొత్త కుర్చీలు, లబ్ధిదారుల సంఖ్య. ఆ కుర్చీల్లో మూడేళ్ల తర్వాత ఎన్ని నడుస్తున్నాయన్నది అరుదుగా వార్త అవుతుంది. ప్రధాన భూభాగంలో ఈ లోటును పక్క పట్టణంలోని డీలరో, వీధి చివరి మెకానిక్కో కొంతవరకు పూడుస్తారు. చుట్టూ సముద్రం ఉన్న అండమాన్ నికోబార్ దీవుల్లో ఆ వెసులుబాటు చాలా తక్కువ. అక్కడ ఒక బ్యాటరీ పాడైతే కొత్తది రావడానికి ఓడ రావాలి. అది వచ్చేవరకు ఆ కుర్చీపై ఆధారపడిన మనిషి ఇంటి గడప దాటలేడు. అందువల్ల ఈ దీవుల్లో విద్యుత్ చక్రాల కుర్చీని కొనేవారైనా, ఉచితంగా అందించే ప్రభుత్వమైనా ధరతో పాటు నిర్వహణను కూడా ముందే లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో 3,80,581 మంది నివసిస్తున్నారు. వారిలో 6,660 మంది ఏదో ఒక వైకల్యం ఉన్నవారు. తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు జనాభాలో సుమారు 13 శాతం. అక్కడ ఎక్కువగా వినిపించే భాషల్లో తెలుగు ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉపాధి కోసం వెళ్లి స్థిరపడిన కుటుంబాలు దక్షిణ అండమాన్‌లో తరతరాలుగా ఉన్నాయి. వైద్యం కోసమైనా, విలువైన వస్తువుల కొనుగోలు కోసమైనా ఈ కుటుంబాలు విశాఖ వైపో, చెన్నై వైపో చూడటం పరిపాటి. కుర్చీ విషయంలోనూ అదే జరుగుతుంది. విశాఖ రోడ్ల మీద సాఫీగా సాగిన కుర్చీ అండమాన్ కొండవాలు మీద అలాగే సాగుతుందన్న నమ్మకం మాత్రం లేదు.

అవసరం నుంచి హక్కు దాకా

మోటారుతో నడిచే చక్రాల కుర్చీ చరిత్ర రెండో ప్రపంచ యుద్ధంతో ముడిపడి ఉంది. యుద్ధంలో వెన్నెముక దెబ్బతిని కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పిన సైనికుల కోసం కెనడా జాతీయ పరిశోధన మండలి ఇంజినీరు జార్జ్ క్లైన్ బృందం 1950ల తొలినాళ్లలో దీనిని రూపొందించింది. చేతులతో చక్రం తిప్పలేనివారికి ఇది ఒక సౌకర్యం మాత్రమే కాదు, ఎవరి సాయం లేకుండా కదలడానికి ఉన్న ఏకైక మార్గం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం భూమి మీద దాదాపు 8 కోట్ల మందికి చక్రాల కుర్చీ అవసరం ఉంది. దేశాన్ని బట్టి వారిలో 5 నుంచి 35 శాతం మందికే అది అందుతోంది. ఈ సంస్థ 2008లోనూ, తిరిగి 2023లోనూ వెలువరించిన మార్గదర్శకాలు కుర్చీని చేతికివ్వడంతో సేవ పూర్తి కాదని స్పష్టం చేశాయి. వ్యక్తి అవసరాన్ని అంచనా వేయడం, శరీరానికి తగినట్టు అమర్చడం, నడపడం నేర్పడం, ఆ తర్వాత మరమ్మతు చేయడం కూడా ఆ సేవలో భాగాలే.

మన దేశంలో దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలన్నింటినీ నిబంధనలు వెలువడిన నాటి నుంచి ఐదేళ్లలోగా అందుబాటు యోగ్యంగా మార్చాలని ఆ చట్టంలోని 45వ సెక్షన్ నిర్దేశించింది. నిబంధనలు 2017 జూన్‌లో వెలువడ్డాయి. ఆ లెక్కన గడువు 2022లోనే ముగిసింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ అంశాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. అందుబాటు ప్రమాణాలను కేవలం సూచనల స్థాయిలో ఉంచిన 15వ నిబంధన మాతృ చట్టానికి విరుద్ధమని న్యాయస్థానం తేల్చింది. తప్పక పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలల్లో విడిగా రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన క్షేత్రస్థాయి నివేదికను సమర్పించింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం.

ఈ తీర్పు చక్రాల కుర్చీ కొనుగోలుదారుకు నేరుగా సంబంధించినదే. ర్యాంపు లేని కార్యాలయం ముందు ఎంత ఖరీదైన కుర్చీ అయినా ఆగిపోక తప్పదు. దేశంలో అమల్లో ఉన్న 2021 నాటి సమన్విత మార్గదర్శకాల ప్రకారం ర్యాంపు వాలు 1:12కు మించరాదు. అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. 45 సెంటీమీటర్ల ఎత్తున్న మూడు మెట్ల అరుగుకు 5.4 మీటర్ల ర్యాంపు కట్టాలి. కొండను చదును చేసి కట్టుకున్న ఇళ్లు ఎక్కువగా ఉన్న చోట అంత జాగా దొరకడమే కష్టం. జాగా లేదని వాలును నిటారుగా కడితే అది ర్యాంపు అనిపించుకోదు, ప్రమాదానికి దారి అవుతుంది.

కొనే ముందు వేయవలసిన ప్రశ్నలు

కుర్చీ ఎంపికలో తొలి నిర్ణయం వైద్యపరమైనది. కూర్చునేవారి తుంటి వెడల్పు, తొడ పొడవు, వెన్ను నిలిచే తీరు, చేతి వేళ్ల పట్టు పరిశీలించాకే కుర్చీ కొలతలు, జాయ్‌స్టిక్ ఏ వైపున ఉండాలన్నది నిర్ణయించాలి. స్పర్శ లేని శరీరానికి సరైన మెత్త లేకపోతే ఒత్తిడి పుండ్లు పడతాయి. అవి ప్రాణాంతకం కూడా కావచ్చు. శ్రీ విజయపురంగా 2024లో పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో జీబీ పంత్ ఆసుపత్రి ఉంది. దివ్యాంగుల పునరావాసానికి కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన మిశ్రమ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉంది. కొలతలు లేకుండా, ఫొటో చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టడం కన్నా ముందుగా ఇటువంటి చోట నిపుణుల అంచనా పొందడం మేలు.

రెండో నిర్ణయం బరువుకు సంబంధించినది. సీసం-ఆమ్లం రకం బ్యాటరీలతో నడిచే దృఢమైన కుర్చీలు యాభై కిలోలు దాటడం మామూలే. మనిషి కూర్చుంటే ఆ మొత్తాన్ని ఇద్దరు ఎత్తలేరు. మడతపడే లిథియం బ్యాటరీ కుర్చీలు దాదాపు సగం బరువే ఉంటాయి. ఆటోలోకి, చిన్న పడవలోకి ఎక్కించడం తేలిక. అయితే తేలికపాటి కుర్చీ వాలు మీద, గతుకుల మీద బరువైన దానంత నిలకడగా ఉండదు. గాలి లేని గట్టి టైర్లకు పంక్చర్ భయం లేదు గాని, కుదుపు వెన్నుకు తగులుతుంది. ఒక ఛార్జింగ్‌కు ఇన్ని కిలోమీటర్లు అని తయారీదారు చెప్పే లెక్క సమతలానికి వర్తించేది. అబెర్డీన్ బజారు పరిసరాల్లోని ఎగుడుదిగుడు వీధుల్లో అంత దూరం వస్తుందని ఆశించరాదు.

ధరల విషయానికి వస్తే, బజారులో విద్యుత్ చక్రాల కుర్చీలు అర లక్ష రూపాయల దరి నుంచి కొన్ని లక్షల వరకు ఉన్నాయి. దేశీయ ప్రయత్నాలు ధరను కొంత కిందికి దించాయి. ఐఐటీ మద్రాసులో రూపుదిద్దుకొని 2021లో విడుదలైన నియోబోల్ట్ ఇందుకు ఒక ఉదాహరణ. చేతితో నడిపే కుర్చీకి ముందు భాగంలో తగిలించే ఈ మోటారు యూనిట్‌ను అప్పట్లో 55,000 రూపాయలకు ప్రకటించారు. చేతుల్లో తగినంత బలం ఉన్నవారికి ఇది సరిపోతుంది. చేతులు కూడా స్వాధీనంలో లేనివారికి పూర్తి స్థాయి విద్యుత్ కుర్చీయే శరణ్యం. దివ్యాంగుల వాహనాలకు, మోటారు ఉన్నా లేకున్నా, జీఎస్టీ 5 శాతమే. తర్వాత విడిగా కొనవలసి వచ్చే లిథియం బ్యాటరీకి మాత్రం 18 శాతం. కుర్చీని అత్యవసరంగా గుర్తించిన పన్ను విధానం దానిని నడిపే బ్యాటరీని అలా గుర్తించలేదన్నమాట.

ప్రభుత్వ సాయం కోరేవారికి ప్రధాన ఆధారం 1981 నుంచి నడుస్తున్న ఆడిప్ పథకం. వైకల్యం కనీసం 40 శాతం ఉండి, నెలసరి ఆదాయం 30,000 రూపాయలకు మించనివారు దీనికి అర్హులు. ఆదాయం 22,500 రూపాయల లోపు ఉంటే పూర్తి రాయితీ, ఆపైన సగం రాయితీ లభిస్తుంది. మోటారు కుర్చీలు, మూడు చక్రాల వాహనాలకు షరతులు మరింత కఠినం. తీవ్ర వైకల్యం ఉండి, పదహారేళ్లు నిండినవారికే అవి అందుతాయి. రాయితీకి పరిమితి ఉంటుంది కనుక, మిగిలిన మొత్తాన్ని పార్లమెంటు సభ్యుల స్థానిక అభివృద్ధి నిధుల నుంచో, దాతల నుంచో, లబ్ధిదారుడో సమకూర్చుకోవాలి. యూడీఐడీ కార్డు చేతిలో ఉంటే దరఖాస్తు సులభమవుతుంది. ఈ పథకం కింద పరికరాలు సరఫరా చేసే ప్రధాన సంస్థ కాన్పూర్‌లో 1972లో ఏర్పాటైన అలింకో.

సముద్రం దాటించడం

ద్వీపవాసులకు కుర్చీ కొనుగోలులో ప్రత్యేకంగా ఎదురయ్యే ప్రశ్న రవాణా. 2023 జులైలో ప్రారంభమైన వీర్ సావర్కర్ విమానాశ్రయ కొత్త టెర్మినల్‌తో ప్రయాణికులకు సదుపాయాలు మెరుగుపడ్డాయి. అయితే విమానంలో బ్యాటరీకి సంబంధించిన అంతర్జాతీయ నియమాలు ఎక్కడైనా ఒకటే. కుర్చీ నుంచి విడదీసి క్యాబిన్‌లో తీసుకెళ్లే లిథియం బ్యాటరీ సామర్థ్యం 300 వాట్-అవర్లకు మించరాదు. రెండు బ్యాటరీలతో నడిచే కుర్చీ అయితే ఒక్కొక్కటి 160 వాట్-అవర్ల లోపు ఉండాలి. లెక్క సులభం: వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించాలి. 24 వోల్టులు, 12 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 288 వాట్-అవర్లు అవుతుంది. అది పరిమితికి లోబడి ఉంటుంది. అదే 20 ఆంపియర్-అవర్లదైతే 480 అవుతుంది. దానిని విడదీసి చేతిలో తీసుకెళ్లడానికి వీలుండదు. ప్రయాణానికి 48 గంటల ముందే విమానయాన సంస్థకు అవసరాన్ని తెలియజేయాలని పౌర విమానయాన నియమావళి చెబుతోంది. బ్యాటరీ రకం, సామర్థ్యం రాసి ఉన్న కాగితాన్ని వెంట ఉంచుకోవడం మంచిది.

ఇంతకన్నా ముఖ్యమైన మరో నియమం ఉంది. విడి లిథియం-అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరకుగా పంపడాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016 ఏప్రిల్ నుంచి నిషేధించింది. కనుక కుర్చీ బ్యాటరీ పాడైతే కొత్తది ప్రయాణికుల విమానంలో పార్సిల్‌గా రాదు. చెన్నై, కోల్‌కతా, విశాఖ రేవుల నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి ఓడలో రావాలి. రాజధాని చేరాక మళ్లీ అంతర్ద్వీప నౌక ఎక్కాలి. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే అక్కడి నుంచి మరో 540 కిలోమీటర్ల దూరంలో ఉంది. వానాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటే నౌకల రాకపోకలు వాయిదా పడతాయి. బ్యాటరీ పూర్తిగా పనికిరాకుండా పోయేవరకు ఆగకుండా, దాని బలం తగ్గుతున్న సూచన కనిపించిన వెంటనే కొత్తదానికి ఆర్డర్ ఇవ్వడం ద్వీపాల్లో ముందుచూపు మాత్రమే కాదు, అవసరం కూడా.

నడపడంలో మెళకువలు

విద్యుత్ కుర్చీని నడపడం చూడటానికి తేలిక. జాయ్‌స్టిక్‌ను ఎటు వంచితే అటు కదులుతుంది, వదిలితే ఆగుతుంది. వదిలినప్పుడు ఆపేది విద్యుదయస్కాంత బ్రేకు. మోటారును చక్రం నుంచి విడదీసే మీట ఒకటి కుర్చీ వెనుక ఉంటుంది. బ్యాటరీ లేనప్పుడు చేతితో తోయడానికి ఉద్దేశించినది అది. ఆ మీటను విడదీసిన మరుక్షణం బ్రేకు పనిచేయదు. సమతలంలో దీనివల్ల ఇబ్బంది లేదు. వాలు మీద, జెట్టీ మీద ఆ మీటను తాకడం కుర్చీని గాలికి వదిలేయడమే. ఈ విషయం కుర్చీలో కూర్చునేవారితో పాటు వెంట ఉండే కుటుంబ సభ్యులకు, జెట్టీలో సాయపడే సిబ్బందికి కూడా తెలిసి ఉండాలి.

వాలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నేరుగా సాగాలి. అడ్డంగా తిరిగితే పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది. దిగేటప్పుడు వేగాన్ని అతి తక్కువ స్థాయిలో పెట్టుకోవాలి. వెనుకకు పడకుండా కాపాడే చిన్న చక్రాలను తీసివేయరాదు. ఓడకూ జెట్టీకీ మధ్య వేసే పలక వాలు ఆటుపోట్లను బట్టి మారుతుంది. పొద్దున సులభంగా ఎక్కిన కుర్చీ సాయంత్రం దిగలేకపోవచ్చు. చాతం నుంచి బ్యాంబూ ఫ్లాట్‌కు వాహనాలను చేరవేసే పడవల్లో కుర్చీకి చోటు దొరుకుతుంది గాని, పడవ కదిలేటప్పుడు స్విచ్ ఆపి, మీటను యథాస్థానంలో ఉంచి, కుర్చీని తాళ్లతో కట్టడం అవసరం. స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ వంటి తీరాల్లో పొడి ఇసుకలో చక్రాలు కూరుకుపోతాయి. గట్టి చాప పరచిన దారి ఉంటే తప్ప అటు నడపరాదు.

ఇక నిత్య నిర్వహణలో ప్రధాన శత్రువులు మూడు: ఉప్పుగాలి, తేమ, వాన. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల దరి వాన కురిసే ఈ దీవుల్లో రెండు రుతుపవనాల ప్రభావమూ ఉంటుంది. తీగల కొనలు, బోల్టులు, బేరింగులు తుప్పు పడతాయి. కంట్రోలర్‌లోకి తేమ చేరితే కుర్చీ ఉన్నట్టుండి ఆగిపోతుంది. బయటి నుంచి వచ్చాక మంచినీటితో తడిపిన బట్టతో తుడిచి, ఆరబెట్టాలి. గొట్టంతో నీళ్లు కొట్టరాదు. జాయ్‌స్టిక్‌కు ఒక ప్లాస్టిక్ తొడుగు వాన నుంచి రక్షణ ఇస్తుంది. సీసం-ఆమ్లం బ్యాటరీని ఖాళీగా రోజుల తరబడి వదిలేస్తే అది మళ్లీ కోలుకోదు. రాత్రిపూట ఛార్జింగ్ పెట్టడం అలవాటు కావాలి. దీవుల్లో విద్యుత్తు ప్రధానంగా డీజిల్ జనరేటర్ల మీద ఆధారపడింది. వోల్టేజీ హెచ్చుతగ్గులు ఉన్న చోట ఛార్జర్‌కు స్టెబిలైజర్ పెట్టుకోవడం ఖర్చు అనిపించినా, కంట్రోలర్ కాలిపోతే అయ్యే ఖర్చుతో పోలిస్తే అది స్వల్పం.

విపత్తు వేళ

2004 డిసెంబరు 26 నాటి సునామీని ఈ దీవులు మరువలేవు. భూకంప ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాంతమిది. అటువంటి వేళ నిమిషాల్లో ఎత్తైన చోటికి చేరాలి. అప్పటికి విద్యుత్తు ఉండకపోవచ్చు, దారి ఉండకపోవచ్చు. యాభై కిలోల కుర్చీని ఎవరూ మోయలేరు. దివ్యాంగుల హక్కుల చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన పరిధిలోని దివ్యాంగుల వివరాలు నమోదు చేసి, ప్రమాద సూచన వారికి అందేలా చూడాలి. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కూడా 2019లో దివ్యాంగులను కలుపుకొనే మార్గదర్శకాలు విడుదల చేసింది. దక్షిణ అండమాన్, ఉత్తర-మధ్య అండమాన్, నికోబార్ జిల్లాలు మూడింటిలోనూ ఆ జాబితాలో విద్యుత్ కుర్చీ వాడేవారి ఇల్లు, వారిని మోయడానికి ముందుకు వచ్చే ఇరుగుపొరుగు పేర్లు ఉండటం ప్రాణరక్షణకు కనీస షరతు. ప్రతి ఇంట్లోనూ విద్యుత్ కుర్చీకి తోడు ఒక తేలికపాటి చేతి కుర్చీని కూడా ఉంచుకోవడం ఇందువల్లే అవసరం.

లెక్కించవలసినది ఏమిటి

ఈ పరిస్థితుల్లో పాలన యంత్రాంగం నుంచి ఆశించదగిన చర్యలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఒకే రకం కుర్చీలను ఎంపిక చేసి సరఫరా చేస్తే ఒకదాని విడిభాగం మరొకదానికి పనికివస్తుంది. శ్రీ విజయపురంలో బ్యాటరీలు, ఛార్జర్లు, కంట్రోలర్ల నిల్వ ఉంటే ఓడ కోసం నిరీక్షణ తగ్గుతుంది. డిగ్లీపూర్, హట్ బే, కార్ నికోబార్, క్యాంప్‌బెల్ బే వంటి చోట్ల ఇప్పటికే ఉన్న ద్విచక్ర వాహన మెకానిక్‌లకు కొద్దిరోజుల శిక్షణ ఇస్తే చాలా మరమ్మతులు అక్కడే జరుగుతాయి. చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసి 2020 ఆగస్టులో ప్రారంభించిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ఇప్పుడు కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ సహా ఏడు ఇతర ద్వీపాలకు చేరింది. మరమ్మతు చేసేవారికి ప్రధాన భూభాగంలోని ఇంజినీరు వీడియో ద్వారా సూచనలు ఇవ్వడానికి ఆ వసతి సరిపోతుంది. పాడైన కుర్చీ బాగయ్యేవరకు తాత్కాలికంగా వాడుకోవడానికి ఒక బదులు కుర్చీ ఇచ్చే ఏర్పాటు ఉంటే, మరమ్మతు కాలం గృహనిర్బంధంగా మారదు.

కొనుగోలుదారు వైపు నుంచి కూడా కొన్ని షరతులు పెట్టవచ్చు. వారంటీ దీవుల్లో వర్తిస్తుందా, ఓడ ఖర్చు ఎవరిది, మరమ్మతుకు ఎవరు వస్తారు, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి అన్న నాలుగు ప్రశ్నలకు అమ్మకందారు నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. జవాబు ఇవ్వలేని అమ్మకందారు ఎంత తగ్గింపు ఇచ్చినా ఆ కుర్చీ ఖరీదైనదే. ప్రభుత్వ టెండర్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఇప్పటివరకు పథకాల విజయానికి కొలమానం పంపిణీ చేసిన పరికరాల సంఖ్య. దానికి తోడు, ఇచ్చిన ఏడాదికి, మూడేళ్లకు పనిచేస్తున్న కుర్చీలు ఎన్ని అన్న లెక్కను కూడా తీసి బహిరంగంగా ప్రకటిస్తే, లోపం ఎక్కడుందో దానంతట అదే బయటపడుతుంది. ఆరువేల పైచిలుకు దివ్యాంగులున్న చిన్న కేంద్రపాలిత ప్రాంతంలో ఈ లెక్క తీయడం అసాధ్యమైన పని కాదు. అక్కడ కుదిరితే శ్రీకాకుళం గిరిజన గూడేలకు, నల్లమల అంచు గ్రామాలకు కూడా అదే పద్ధతిని విస్తరించవచ్చు. ఓడ కోసం కాకపోయినా, మెకానిక్ కోసం ఎదురుచూసే కుర్చీలు అక్కడా ఉన్నాయి.